బస్సు వేళకి మూసే కొట్టు

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలం మా ఊళ్లో జనం రోడ్డు మీద నడవడం మానేశారు.

రోడ్డు బాగానే ఉంది. ఆ ఏడే కొత్తగా కంకర కూడా పోశారు. అయినా సాయంత్రం రాజోలు నుంచి వచ్చే బస్సు దిగినవాళ్లలో సగంమంది రోడ్డు వదిలేసి, కొబ్బరితోటల వెనకనుంచి బోదె గట్టు పట్టుకుని ఊళ్లోకి వెళ్లేవారు. ఆ గట్టు ఒక్క మనిషి పట్టేంత వెడల్పు. ఒక పక్క కొబ్బరాకు తడికెలు, ఇంకో పక్క తోటలకి నీళ్లు పారే బోదె. పట్టపగలు కూడా మేకలు తప్ప ఎవరూ తొక్కని దారి. అంత అవస్థపడి అటు ఎందుకు వెళ్తున్నారంటే, రోడ్డు మీద వెళ్తే మా కొట్టు ముందునుంచి వెళ్లాలి. అదీ సంగతి.

కొట్టు మా అన్నయ్య జీవరత్నానిది. వదిన పోయింది, నా భర్తా పోయాడు, ఇద్దరం ఒక కప్పు కిందికి చేరాం. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో వంటా పడకా, పెరట్లో నా రాజ్యం. రాజ్యం అంటే పందిరి కింద రెండు రోళ్లు. ఆవకాయ రోజులొస్తే ఊళ్లో ఆడవాళ్లు మా కొట్లో మిరపకాయలూ ఆవాలూ కొని, అక్కడే ఆ రోళ్లలో దంపుకుని పట్టుకెళ్లేవారు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదో, ఆదివారం చర్చిలో ఎవరు పాట ఎత్తుకుని మధ్యలో వదిలేశారో, అన్నీ కారంతోపాటు ఆ రోళ్లలోనే నలిగేవి. నేను ఎవరి రోకలీ పట్టుకోనక్కర్లేదు. వరస చెప్పడం, తగువు తీర్చడం, మంచినీళ్లు అందించడం నా పని.

అన్నయ్యకి కొసరు జబ్బు. పసుపు కొంటే బెల్లం ముక్క, బెల్లం కొంటే గుప్పెడు పుట్నాలు, ఏమీ కొనకుండా ఊరికే పలకరించి వెళ్లేవాళ్లకి రెండు రెబ్బలు కరివేపాకు. తక్కెడ ఎప్పుడూ కొనేవాళ్ల వైపే ఒరిగి ఉండేది. నేనేమైనా అంటే, "తూచి ఇచ్చేది సరుకమ్మా, తూచకుండా ఇచ్చేదే నేను" అనేవాడు. అలాంటి మనిషితో వాదన పెట్టుకోలేం.

మా ఏడాది బతుకు ఆవకాయ రోజుల్లోనే తేలిపోయేది. ఆ ఏడు అన్నయ్య ఎప్పటిలాగే ముందే మిరపకాయల బస్తాలు, ఆవాలు, మెంతులు, నువ్వులనూనె డబ్బాలు దింపించాడు. అదే సమయానికి తాటిపాక నుంచి మా పెద్దక్క కొడుకు ఏసుపాదం వచ్చాడు.

"ఇంకా ఎన్నాళ్లు మావయ్యా ఈ కొట్టు. మా ఇంటికి వచ్చేయండి ఇద్దరూ. సుగుణ కూడా రమ్మంది. పిన్ని కోసం వీధి వసారాలో కోళ్లగూడు తీయించేస్తానంది."

సుగుణ అతని భార్య. కోళ్లని ఎక్కడ పెడుతుందో ఆ అమ్మాయి చెప్పలేదు గానీ, నన్ను ఎక్కడ పెడుతుందో అర్థమైంది.

అన్నయ్య చాలాసేపు ఆలోచించి, "ఈ ఆవకాయ రోజులు వెళ్లనీరా. సరుకు కదిలితే ఉంటాం. కదలకపోతే నువ్వు బండి తీసుకుని రా, వచ్చేస్తాం" అన్నాడు.

సరుకు కదల్లేదు.

రాజోలు సెంటర్లో ఆ వేసవే ఒక పెద్ద కొట్టు తెరిచారు. నెత్తిమీద ఫ్యాను, గాజు బీరువాలు, మర పట్టించిన కారం, ఆవపిండి పొట్లాలు. దంపక్కర్లేదు, జల్లించక్కర్లేదు. సరుకు కూడా మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. అన్నిటికీ మించి ఆవకాయ సామానంతా అక్కడ కొన్నవాళ్లకి ప్లాస్టిక్ వైరుతో అల్లిన ఎర్రబుట్ట ఊరికే ఇస్తున్నారు. కారం దగ్గర మా ఊరు నిలబడేదేమో గానీ బుట్ట దగ్గర నిలబడలేకపోయింది.

సాయంత్రం బస్సు వేళకి నేను అరుగు మీద విసనకర్ర పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరి చేతిలో బుట్ట ఉందో చూడాలని. ఎర్రరంగు దాచడం కష్టం. కనకమ్మ గడ్డిమోపులో పెట్టి నెత్తిన పెట్టుకుంది. మోపు పైన అంత సన్నగా, కింద అంత గుండ్రంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. అందరికన్నా గంగరాజు తెలివైనవాడు. కొబ్బరి దింపు మేస్త్రీ, పెద్దమీసాల మనిషి, ఊళ్లో మాట చెల్లేవాడు. ఆయన బుట్టని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని, మెల్లగా తడుతూ వచ్చాడు.

"ఎవరండీ గంగరాజు గారూ, చంటిపిల్లా?" అన్నాను.

ఆయన ఆగలేదు. "ఆయ్. మనవడండి."

"అమ్మాయి ఎప్పుడొచ్చిందండి?"

"ఇప్పుడేనండి. బస్సులో. వెనకాల వస్తోందండి."

"పాపం అస్సలు ఏడవట్లేదే."

"బుద్ధిమంతుడండి," అని అడుగు జోరు చేశాడు. తువ్వాలు జారి, పిల్లాడి చెవి ఉండాల్సిన చోట ఎర్రటి వైరుపిడి ఒకటి బయటికి వచ్చింది.

నేను నవ్వుకుంటూ లోపలికి వెళ్లేసరికి అన్నయ్య పొట్లం కడుతున్నాడు. పటికబెల్లం, బాలింతకని వాము. మా మాటలు విన్నాడట. చొక్కా మార్చుకుని గంగరాజు ఇంటికి వెళ్లాడు. కాసేపటికి సంతోషంగా తిరిగొచ్చాడు.

"పిల్లాడు పడుకున్నాడంటమ్మా. చూడ్డం కుదర్లేదు. గంగరాజు గారే గుమ్మంలో నిలబడి పుచ్చుకున్నారు."

"లేస్తే మాత్రం ఏం చూస్తావన్నయ్యా. వాడు ఆవపిండి."

అన్నయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. తాపీగా ఆలోచించాడు. "పోనీలే. గంగరాజు గారికి దగ్గు ఉంది. పటికబెల్లం మంచిదే" అన్నాడు.

మర్నాటి నుంచి గంగరాజు బోదె గట్టు ఎక్కాడు.

ఆ తర్వాత దొరికింది ఆనందరావు మేష్టారు. మా పేటలో పెద్దవాళ్లకి సాయంకాలం బడి పెట్టి, తల నెరిశాక నాకు అక్షరాలు నేర్పిన మనిషి. ఆయన్ని చూస్తే నాకు ఇప్పటికీ పలక గుర్తొస్తుంది. ఆయన బుట్ట తీసుకోలేదు, పరువు గల మనిషి కదా. గుడ్డసంచి తీసుకున్నారు. దాని మీద ఒక పక్క కొట్టు సంగతులు అచ్చువేసి ఉన్నాయి. ఆ పక్కని కాలికి ఆనించి పట్టుకుని, నిటారుగా రోడ్డు మీదే వస్తున్నారు.

"మేష్టారండీ, ఒక్కమాట."

పెద్దమనిషి, పిలిస్తే తిరక్కుండా ఉండలేరు. ఆయనతోపాటు సంచీ తిరిగింది. నేను మొదలుపెట్టాను.

"రా... జో... లు..."

ఆయన మొహం వాడిపోయింది. అయినా పాఠం చెప్పిన నోరు ఊరుకోలేకపోయింది. "ఊ," అన్నారు.

"మె... యి... న్... రో... డు..."

"కింద వత్తుంది చూడండి."

"రోడ్డు. నా... ణ్య... మైన..."

"ఆయ్. బాగా చదివేరండి," అని సంచి తిరగేసుకుని, తల దించుకుని వెళ్లిపోయారు. అన్నయ్య లోపల్నుంచి అంతా చూశాడు.

"ఎందుకమ్మా మేష్టార్ని అలా నిలబెట్టడం."

"చదువు చెప్పేరు కదా, ఎంతొచ్చిందో చూపించేను."

"ఆయన రేపట్నుంచి గట్టు మీద వెళ్తారు. కళ్లద్దాల మనిషి, జారితే ఎలా?"

నాకు ఒళ్లు మండింది. బస్తాలు కదలక మేం తాటిపాక కోళ్లగూడు వైపు జారుతుంటే, ఈయనకి మేష్టారు జారతారని దిగులు.

మేష్టారు జారలేదు. కాంతం జారింది.

కాంతం మా పక్కింటి మనిషి. భారీ మనిషి, గొంతూ అంతే. ఏటా ఆవకాయ రోజుల్లో మా పెరట్లో మొదటి రోకలి దెబ్బ ఆవిడదే. ఆ ఏడు మాత్రం ఆవిడ గొంతే వినపడలేదు. ఒక సాయంత్రం పెరటి వెనక దభీమని చప్పుడైంది. కొబ్బరిగెల తెగిపడిందనుకున్నాం. తర్వాత గెల మూలగడం వినిపించింది.

అన్నయ్యా నేనూ తడికె తోసుకుని వెళ్లి చూశాం. కాంతం బోదెలో నడుం లోతు నీళ్లలో కూర్చుని ఉంది. ఎర్రబుట్ట బోర్లాపడి తేలుతోంది. పొట్లాలు పగిలి నీళ్లన్నీ కారం రంగుకి తిరిగాయి. ఆవ ఘాటు ముక్కుకి కొడుతోంది. కప్పలు ఒక్కొక్కటే గట్టెక్కి, మమ్మల్ని కూడా లెక్కచేయకుండా కాళ్ల మధ్యనుంచి పోతున్నాయి.

కాంతం మమ్మల్ని చూసింది. మొహాన చెంగు కప్పుకోబోయి, అది కారంనీళ్లలో ఉందని గుర్తొచ్చి ఆగింది.

"ఎండగా ఉంటేనూ, స్నానానికి దిగేనండి అన్నయ్యగారూ," అంది.

"మంచిపని చేసేరమ్మా. ఈ ఎండకి ఎవరికైనా అనిపిస్తుంది," అన్నాడు అన్నయ్య. నిజంగానే అన్నాడు. కొబ్బరిమట్ట ఒకటి తెచ్చి ఆవిడ చేతికి ఇచ్చాడు. ఆయన మట్ట లాగితే, నేను ఆయన్ని లాగాను. ఎలాగో గట్టెక్కించాం.

పెరట్లో కూర్చోబెట్టి కళ్లు కడుగుతుంటే కాంతం ఏడవడం మొదలుపెట్టింది. కారానికి అనుకున్నాను. కాదు.

"కాయలన్నీ తరిగేసి తుడిచి పెట్టేసి వచ్చేనండి అక్కగారూ. పొద్దున్న కలపకపోతే మెత్తబడిపోతాయండి. ఏడాది ఆవకాయండి. మా ఆయనకి ఏం చెప్పనండి?"

ఏం చెప్పాలో నా దగ్గర చాలా ఉన్నాయి. నోరు తెరిచేలోపు అన్నయ్య కొట్లోకి వెళ్లి తక్కెడ తీసిన చప్పుడైంది. మిరపకాయలు, ఆవాలు తూచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"వద్దండి అన్నయ్యగారూ. ఏ మొహంతో పుచ్చుకోనండి?"

"అలా అనకండమ్మా. మీ సరుకు మా పెరటి వెనక పడింది. మా బోదె పుచ్చుకుంది. బోదె పుచ్చుకున్నది మేం ఇచ్చుకోవద్దా?"

"బోదె పంచాయితీదన్నయ్యా," అన్నాను.

ఆయన వినలేదు. పైగా చింతపండు ఉండ ఒకటి తెచ్చి కొసరు వేశాడు. కాంతం కళ్లు బూరెల్లా వాచిపోయాయి, రోకలి ఎత్తినా దెబ్బ రోట్లో పడుతుందన్న నమ్మకం లేదు. పొద్దున్నకి పిండి కావాలి. కాబట్టి నేను దంపాను. ఆ ఏడు మా రోలు మోగడం అదే మొదలు. దంపింది నేను, సరుకు మాది, ఆవకాయ కాంతానిది. దంచిన ప్రతి దెబ్బా అన్నయ్యకి వినపడాలని గట్టిగా వేశాను. ఆయన ముందుగదిలో హాయిగా పాట పాడుకుంటున్నాడు.

ఆ రోజు అన్నం తింటూ అన్నాడు, "రేపట్నుంచి బస్సు వచ్చే వేళకి కొట్టు మూసేద్దామమ్మా."

"ఎందుకు?"

"మనం కనపడితేనే కదా వాళ్లకి సిగ్గు. తలుపులేసి ఉంటే తిన్నగా రోడ్డు మీద వెళ్లిపోతారు. ఇవాళ కాంతమ్మ కాబట్టి సరిపోయింది. గంగరాజు గారు పడితే మనిద్దరం లాగలేం."

"వాళ్లు పెద్దకొట్టు సరుకు దర్జాగా మోసుకెళ్లడానికి మనం తలుపులేసుకోవాలా?"

"కాసేపే కదా," అని మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు బస్సు హారను వినపడగానే చెక్కలన్నీ వరసగా పెట్టేశాడు. లోపల చీకట్లో బస్తాల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. అడుగుల చప్పుళ్లు మొదలయ్యాయి. ముందు గట్టు వైపు వెళ్లబోయి ఆగాయి, గుసగుసలాడాయి, తర్వాత రోడ్డెక్కాయి. అన్నయ్య మొహం చీకట్లో కూడా వెలిగిపోతోంది. "కనకమ్మ. ఎడంకాలి చెప్పు తెగినట్టుంది, ఈడుస్తోంది పాపం," అని నా చెవిలో అన్నాడు. "అది మేష్టారు. చూసేవా, ఎంత ధైర్యంగా నడుస్తున్నారో."

గాలి ఆడని గదిలో, మిరపకాయల బస్తాల మధ్య ఎంతసేపని కూర్చుంటాం. నాకు తుమ్ము వచ్చింది. చెంగు నోట్లో కుక్కుకున్నాను. అన్నయ్య నన్ను చూసి నవ్వాపుకోబోయి ఆయనే తుమ్మాడు. ఆ మనిషి ఎంత మెత్తనో తుమ్ము అంత గట్టి. బయట అడుగులు ఆగిపోయాయి. ఒక్క క్షణం తర్వాత పరుగెత్తాయి.

వారం తిరక్కుండా మా సంగతి ఊరంతా పాకింది. వాళ్లకి తోచినట్టు పాకింది. కొట్టు ఎత్తేశారని ఒకరు, జీవరత్నం గారు చీకటి గదిలో మంచం పట్టారని ఒకరు. తుమ్ము దగ్గయింది, దగ్గు ఆయాసమైంది, పంచాయితీ అరుగు చేరేసరికి గుండెజబ్బయింది. పొద్దున్నంతా కొట్టు తెరిచే ఉంటుందని వాళ్లకి తెలిసే అవకాశం లేదు. పొద్దున్నపూట మా కొట్టుకి ఎవరొచ్చారు గనక.

ఆదివారం ప్రార్థన అయ్యాక పరామర్శలు మొదలయ్యాయి. జబ్బు మనిషి దగ్గరికి ఒట్టి చేతులతో రాకూడదు కదా, తలా ఒక గిన్నె పట్టుకొచ్చారు. ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా ఉన్నది ఒక్కటే, కొత్తావకాయ. రాజోలు పెద్దకొట్టు కారంతో, పెద్దకొట్టు ఆవపిండితో కలిపిన ఆవకాయ. మా అరుగు మీద గిన్నెలు బారులు తీరాయి. వాటిని చూస్తుంటే నాకు గుండెజబ్బు వచ్చేలా ఉంది.

ఆనందరావు మేష్టారు గిన్నె కింద పెట్టి, కళ్లు మూసుకుని, ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, మంచాన పడి ఉన్న ఈ నీ దాసుణ్ణి లేవనెత్తు తండ్రీ," అంటూ చాలాసేపు చేశారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆ దాసుడు బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి మేష్టారూ. నిలబడిపోయేరు."

మేష్టారు తన ప్రార్థన అంత త్వరగా పనిచేస్తుందని అనుకోలేదేమో, బల్ల చివర ఒదిగి కూర్చున్నారు. అన్నయ్య వేడన్నం పెట్టించుకుని ఆ ఆవకాయే కలుపుకున్నాడు. కళ్లనీళ్లు తిరిగాయి.

"ఆవ భలే ఘాటుగా ఉందండి. ఇంత మంచి ఆవకాయ ఈమధ్య తినలేదు. ఇంట్లో ఎవరు కలిపేరండి?"

మేష్టారికి పొలమారింది. "ఆయ్... అంటే... మా ఇంటావిడండి."

"చేతిలో రుచి ఉందండి," అని ఇంకో ముద్ద కలిపాడు.

మేష్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "మరి, సాయంత్రాలు కొట్టు మూసేస్తున్నారని..."

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుని చెప్పొద్దన్నట్టు నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"బస్సు వచ్చే వేళకే మూస్తున్నామండి," అన్నాను. "మా కంటపడకుండా వెళ్లాలని మీరంతా గట్టెక్కుతున్నారు కదండి. కాంతమ్మ బోదెలో పడింది. ఇంకెవరూ పడకూడదని అన్నయ్య బెంగ. మేం కనపడకపోతే మీరు రోడ్డు మీద నడుస్తారని లోపల చీకట్లో కూర్చుంటున్నాం."

మేష్టారు అరుగు మీద ఉన్న గిన్నెల వైపు ఒకసారి చూశారు. లేచి, గొడుగు తీసుకున్నారు. ఆ ఎండలో రోడ్డు మధ్యలోంచి వెళ్తున్నారు గానీ ఆ గొడుగు తెరవాలన్న ధ్యాస లేదు.

సోమవారం సాయంత్రం బస్సు హారను కొట్టింది. ఎప్పటిలాగే చెక్కలు పెట్టుకుని కూర్చున్నాం. అడుగుల చప్పుడు వచ్చింది, చాలా అడుగులు. కొట్టు ముందుకి వచ్చి ఆగిపోయాయి. ఎవరూ కదలడం లేదు. గుసగుస కూడా లేదు.

"ఎందుకాగేరు?" అన్నాడు అన్నయ్య గుసగుసగా. "ఎవరైనా పడ్డారేమో."

"రోడ్డు మీద ఎక్కడ పడతారు."

చెక్క మీద ఎవరో కొట్టారు. "జీవరత్నం గారూ, కర్పూరం ఉందాండీ?" గంగరాజు గొంతు.

అన్నయ్య గొంతు సవరించుకుని, "కొట్టు మూసేమండీ," అన్నాడు.

"తెలుసండి. లోపల ఉన్నారు కదండీ."

"మీరు వెళ్లిపోండి గంగరాజు గారూ. మేం ఏమీ చూడ్డం లేదండి."

బయట ఎవరో ముక్కు చీదిన చప్పుడు. నాకు ఇక ఓపిక లేకపోయింది. లేచి చెక్క ఒకటి లాగాను, తర్వాత ఇంకోటి. రోడ్డు మీద మా వీధి వీధంతా నిలబడి ఉంది. గడ్డిమోపుల్లేవు, తువ్వాళ్లు లేవు. ఎర్రబుట్టలు చేతుల్లో ఖాళీగా వేలాడుతున్నాయి. అందరికన్నా ముందు గంగరాజు, మీసాలు కిందికి దించుకుని.

"మనవడు లేడండి," అన్నాడు.

"తెలుసండి. దగ్గెలా ఉందండి?" అన్నాడు అన్నయ్య.

కాంతం అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. "ఏటండీ ఈ దండకాలు. అన్నయ్యగారూ, ఆవకాయలు అయిపోయేయి, వాటికిప్పుడు మనం చేసేదేం లేదు. మాగాయలున్నాయి. కారం, మెంతులు మీ దగ్గరే. అక్కగారి రోట్లోనే దంపుతాం. మర కారంతో మాగాయ పెట్టేవాళ్లెవరైనా ఉంటే నా ముందుకి రమ్మనండి."

ఎవరూ ఆవిడ ముందుకి రాలేదు. ఆవిడ పక్కన నిలబడటానికి కూడా చోటు లేదు.

అన్నయ్య తక్కెడ తీశాడు. గంగరాజు ఎర్రబుట్ట చాపి, మళ్లీ వెనక్కి లాక్కోబోయాడు. అన్నయ్య దాన్ని అందుకుని తిప్పి చూశాడు. "భలే గట్టి బుట్టండి. అడుగు చూడండి ఎంత బాగా అల్లేరో. మిరపకాయలకి ఇదే మంచిది, గాలి ఆడుతుంది," అని అందులోనే పోశాడు. నాకు ఆ బుట్టని పొయ్యిలో పెట్టాలని ఉంది. ఊరుకున్నాను.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. మేష్టారు ఒక మాట అని పాడుచేశారు. "జీవరత్నం గారూ, ఇవాళ్టి నుంచి కొసరు వేయకండి. మేమంతా అనుకుని వచ్చేం. మీరు ఇప్పటికే..."

అన్నయ్య చేతిలో తక్కెడ ఆగిపోయింది. ఊరంతా రాజోలు వెళ్లినప్పుడు కూడా ఆయన మొహం అలా కావడం నేను చూడలేదు.

"కొసరొద్దంటే సరుకు కూడా వద్దండి మేష్టారూ," అని తూచిన మెంతులు మళ్లీ డబ్బాలో పోసేశాడు.

మేష్టారు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. మా మాగాయ వ్యాపారం మొదలవకుండానే ముగిసిపోయిందనుకున్నాను. ఆయన మెత్తని మనిషే, కానీ ఆ ఒక్క చోట రాయి. రేపే ఏసుపాదానికి కబురు పెట్టినా పెడతాడు.

"మేష్టారండీ, మీరు పిల్లలకి పాఠాలు చెప్పుకోండి," అంది కాంతం. "అన్నయ్యగారూ, ఆయన మాటకేం గానీ, నాకు వేయండి. బెల్లం ముక్క వేయండి. పెద్దది."

"నాకూ అండి," అంది కనకమ్మ.

మేష్టారు కళ్లద్దాలు పెట్టుకుని, చిన్నగొంతుతో, "నాకు పుట్నాలండి," అన్నారు.

అన్నయ్య మళ్లీ డబ్బా మూత తీశాడు.

మర్నాటి నుంచి పొద్దు పొడవకముందే పెరట్లో రోళ్లు మొదలు. పందిరి కింద చోటు చాలక తులసికోట పక్కన కూడా చాపలు పరిచాం. తులసికోట పక్కింటి కాంతంవాళ్లది, తడికె తీసేసి రెండు పెరళ్లూ ఒకటి చేసేశారు. పోయిన ఆవకాయ కబుర్లన్నీ మాగాయలో చెప్పుకోవాలి కదా, గొంతులు ఎండిపోయేదాకా మాట్లాడారు. మనుషులు ఎక్కువ, రోకళ్లు తక్కువ. నేను మంచినీళ్లిచ్చి కూర్చుంటే సాగేట్టు లేదు. మిరపకాయలకి తొడిమలు తీయడం, దంపడం, జల్లించడం అన్నిట్లో నేనూ చెయ్యి పెట్టాను. సరుకంతా అయిపోయిందని చెప్పను. ఆవాల బస్తాలు ఉండిపోయాయి, నూనె కూడా సగమే కదిలింది. కానీ మిరపకాయల గోనెలు మాత్రం ఒక్కొక్కటే ఖాళీ అయి, దులిపి మడతపెట్టడానికి వచ్చాయి.

అనుకున్న ప్రకారం ఏసుపాదం ఎడ్లబండి తోలుకుని వచ్చాడు. కొట్టు ముందు జనాన్ని చూసి, బండి చెట్టుకింద విప్పి, పక్కసందులోంచి పెరట్లోకి వచ్చాడు. అక్కడ ఇంకా ఎక్కువమంది ఉన్నారు. మూతికి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లలో పిన్ని ఎవరో పోల్చుకోవడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"పిన్నీ, సామాన్లు సర్దేరా? మావయ్యని అడిగితే నిన్ను అడగమన్నాడు."

నేను రోకలి పక్కన పెట్టి అరచేతులు చూపించాను. రెండూ కందగడ్డల్లా ఉన్నాయి. "చేతులు మండిపోతున్నాయిరా. ఈ చేతుల్తో ఏం సర్దను? ఈ మంట చల్లారాక చూద్దాం."

"ఎప్పటికి చల్లారుతుంది పిన్నీ?" అన్నాడు పాపం, బుద్ధిగా.

"మాగాయ అయ్యాక గోంగూర ఉంది నాయనా," అంది కాంతం అవతలి రోటి దగ్గరనుంచి, దంపడం ఆపకుండా. "ఆ తర్వాత చింతకాయ."

ఏసుపాదం కారం ఘాటుకి కళ్లు తుడుచుకుని, సుగుణకి ఏం చెప్పాలో అడిగాడు. కోళ్లని కదపొద్దని చెప్పమన్నాను.

సాయంత్రం అందరూ వెళ్లాక, అరుగు మీద కూర్చుని మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకున్నాను. బస్సు వచ్చి వెళ్లింది. దిగినవాళ్లు రోడ్డు మీదే వస్తూ, పలకరిస్తూ వెళ్తున్నారు. అన్నయ్య లోపల్నుంచి వచ్చి, "తగ్గిందా అమ్మా?" అని అడిగాడు.

తగ్గలేదన్నాను. పొద్దున్నే కనకమ్మ మిరపకాయలకి తొడిమలు తీయాలి, తగ్గి మాత్రం ఏం చేస్తుంది.